రెండున్నర కూతలు

మా వీధిలో నాకు రెండు పేర్లు. ఎదురుగా ఉన్నప్పుడు అపరాల కొట్టావిడ, మలుపు తిరిగాక వైర్లావిడ. నాకు రెండోదే ఇష్టం. మొదటిది పెళ్ళితో వచ్చింది, రెండోది నేను సంపాదించుకున్నది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, సర్టిఫికెట్ చేతికొచ్చిన వేసవిలోనే పెళ్ళయి అనకాపల్లి వచ్చేశాను. మా ఆయనది పప్పులూ అపరాలూ అమ్మే కొట్టు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను పట్టుకున్న వేడి వస్తువు అట్లకాడ ఒక్కటే. కరోనా రోజుల్లో అందరం ఇంట్లో కూర్చుని ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నప్పుడు, అటక మీది ట్రంకుపెట్టెలో నా పాత సోల్డరింగ్ ఐరన్ దొరికింది. ప్లగ్గులో పెడితే ఇంకా వేడెక్కింది. అక్కడ మొదలైంది నా పిచ్చి.

వంటింటి పక్కన బస్తాలు వేసుకునే చిన్న గది ఉంది. అందులో కుట్టుమిషను బల్ల మీద నా సామాను పరిచాను. మేడ మీద ట్యాంకు నిండితే మోగే బజరు చేశాను, అది పనిచేసింది. చీకటి పడగానే తులసికోట దగ్గర తనంతట తానే వెలిగే దీపం చేశాను, అది మబ్బు పట్టినా వెలిగేది. కొట్లో ఎలకలొస్తే చప్పుడు చేసే యంత్రం ఒకటి చేశాను. ఎలకలు దాని వెనకాలే కాపురం పెట్టాయి. మా ఆయన నా పనికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు గానీ ఒక షరతు పెట్టాడు. "పంజేత్తే తరవాత సెప్పినా పర్లేదు. పేలుద్దనుకుంటే మాత్రం ముందు సెప్పు" అన్నాడు.

మా అత్త వాటిని పురుగులు అనేది. చిన్న నల్లటి చిప్పులకి రెండు పక్కలా కాళ్ళుంటాయి కదా, ఆవిడకి అవి గండుచీమల్లా కనిపించేవి. "ఓలే, నీ పురుగుల డబ్బా తియ్యి, ఇక్కడ చాటెట్టుకోవాలి" అనేది. తీసేదాన్ని. ఆ ఇంట్లో నాకు బస్తాల గదిలో మిషను బల్ల మీద హక్కుంటే, ఆవిడకి మిగతా ఇల్లంతా హక్కు, వంటిల్లు మరీనూ.

మా అత్త మాకవరపాలెం వైపు చెరకు రైతుల పిల్ల. చిన్నతనంలో పదిమంది కూలీలకి కట్టెల పొయ్యి మీద వండి, పొలానికి మోసుకెళ్ళిన మనిషి. పెళ్ళయి టౌనుకొచ్చాక గేసు వచ్చింది, తర్వాత కుక్కరొచ్చింది. మొదట్లో దానికి దడిసిందట, తర్వాత దానితో స్నేహం కుదిరింది. ఆవిడ వంటింట్లో గడియారం లేదు. కాలమంతా కూతల్లోనే. కందిపప్పుకి ఇన్ని, పాతబియ్యానికి ఇన్ని, గుగ్గిళ్ళకి ఇన్ని అని నోటి లెక్క. పొయ్యి మీద కుక్కరు పెట్టి, గుమ్మం వైపు తిరిగి కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతూ, వీధి కబుర్లు చెబుతూ ఉండేది. కబురు ఎంత రంజుగా సాగుతున్నా కూత మాత్రం తప్పేది కాదు. మాట మధ్యలో ఆపి "కూసింది" అని లేచేది.

కొత్తగా వచ్చిన రోజుల్లో పూర్ణంబూరెలకి శనగపప్పు ఎన్ని కూతలని అడిగాను. "రెండున్నర" అంది.

"అర కూతేటత్తా?"

"మూడోది ఉస్సుమని మొదలెడతాది గదా, గొంతెత్తకముందే కట్టెయ్యాలి. మొత్తం కూయనిచ్చేవా, పప్పు జావైపోతాది, బూరి నూనిలో పగిలిపోతాది. రెండుకే దించేసేవా, లోపల పలుకుండిపోతాది, పూర్నం కుదరదు. రెండున్నర. గేపకవెట్టుకో."

జ్ఞాపకం పెట్టుకున్నాను గానీ నాకెప్పుడూ కుదరలేదు. ఆ అరని పట్టుకోవడానికి కావలసిన చెవి నాకు లేదు, ఆవిడకి ఉండేది.

ఆ చెవి మెల్లగా పోయింది. ముందు కాలింగ్ బెల్లు, తర్వాత టీవీ, ఆ తర్వాత మా మాటలు. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. "ఈ మజ్జిన అందరికీ గొంతులు పోనాయి. మీరు గొణిగితే నాకేటి తెలుత్తాది?" అనేది. చుట్టాలెవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ మొహం చూసి, నవ్వితే నవ్వేది, అయ్యో అన్నట్టుంటే నాలిక చప్పరించేది. ఒకసారి ఎవరో చావు కబురు నవ్వుమొహంతో చెబితే ఈవిడా హాయిగా నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒకరోజు నేను కొట్లో ఉన్నాను. ఇంటి దగ్గర కందిపప్పు పెట్టి ఆవిడ తోటకూర తరుగుతూ కూర్చుంది. కుక్కరు కూసి కూసి నీళ్ళింకి, పప్పు మాడి, చివరికి మూత మీది సేఫ్టీ వాల్వు ఎగిరిపోయింది. ఆ చప్పుడు పక్కింటివాళ్ళకి వినిపించి పెరటి గోడ దూకి వచ్చారు. మేం వెళ్ళేసరికి గోడ నిండా పప్పు. ఆవిడ కత్తిపీట ముందే కూర్చుని ఉంది, చేతిలో తోటకూర కాడ అలాగే ఉంది. మా ఆయన ఒక్క మాట తిట్టలేదు. గేసు బండ కట్టేసి, గుడ్డ తడిపి గోడంతా తుడిచి, ఆవిడ పక్కన కూర్చుని చెవి దగ్గర గట్టిగా అన్నాడు. "అమ్మా, ఇంక పొయ్యి కాడికి ఎల్లకు. కోడలుంది గదా."

ఆయన భయం నాకర్థమైంది. కానీ ఆ మాటకి మా అత్త మొహం చూడలేకపోయాను. ఆ పూట వీధి అరుగు మీద కూర్చుని అన్నానికి రానంది. నేను కంచంలో కలిపి తీసుకెళితే, కంచం వైపు చూస్తూ అంది. "వొండే సెయ్యి పోతే నాకింకేటి మిగిలింది? తినే నోరొకటే గదా." నాకు దుఃఖం ఆగలేదు. మా ఆయన మీద కోపమొచ్చింది, ఆయన చెప్పింది నిజమే కాబట్టి ఇంకా కోపమొచ్చింది.

చివరికి ఒక రాజీ కుదిరింది. నేను ఇంట్లో ఉంటేనే ఆవిడ పొయ్యి వెలిగించాలి. ఈలోగా విశాఖపట్నం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించి చెవిమిషను కొన్నాం. అది ఆవిడ చెవిలో సరిగ్గా కూర్చోలేదు. కొంచెం కదిలితే చాలు కీచుమనేది. ఈవిడ ఆ కీచుని కుక్కరు కూతనుకుని లేచి పొయ్యి కట్టేసేది. మళ్ళీ వెలిగించేది, మళ్ళీ కీచు, మళ్ళీ కట్టేసేది. ఆ రోజు మాకు అన్నం పలుకు, పప్పు పలుకు. సర్దించుకొద్దాం రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. "పొయ్యి మీదుండాల్సింది నా సెవిలో ఎట్టేరు. అది కూత్తాది గానీ నా కుక్కరు కూయట్లేదు" అని, ఆ మిషనుని మెంతుల డబ్బాలో పడేసింది. తర్వాత మేం ఎంత చెప్పినా పెడచెవినే పెట్టింది.

మొదట్లో నేను గుమ్మంలోంచి "కూసిందత్తా" అని గట్టిగా చెప్పేదాన్ని. ఆవిడ ఉలిక్కిపడి, "నాకు తెలీదేటి?" అని మూతి విరిచేది. ఆ తర్వాత గరిటె పక్కన పెట్టేసి చాలాసేపు మాట్లాడేది కాదు. అందుకని చెప్పడం మానేశాను. కూత వినగానే ఏదో పనున్నట్టు వంటింటి గుమ్మంలోకి వచ్చేదాన్ని. మంచినీళ్ళ కోసం, చీపురు కోసం, ఏమీ దొరక్కపోతే క్యాలెండరు చూడ్డం కోసం. విచిత్రంగా నేను వచ్చినప్పుడల్లా ఆవిడకి పొయ్యి గుర్తొచ్చేది. లేచి కట్టేసేది. ఇద్దరం ఏమీ ఎరగనట్టు ఉండేవాళ్ళం. చాలా కాలం అలాగే నడిచింది. నాకు ఆ గదిలో ఒక తీగ అతికించడానికి కూడా తీరిక లేదు, చెవులన్నీ వంటింట్లోనే.

అప్పుడే అనిపించింది, నా చదువు ఇంకెందుకు అని. ఆవిడకి వినపడకపోతే యంత్రం వింటుంది. వెంటనే ఒక చిన్న మైకు, ఒక బోర్డు, వరసగా ఎర్రదీపాలు పెట్టి కూతల లెక్క తయారుచేశాను. కూత వినగానే ఒక దీపం వెలగాలి. పొయ్యి పైన అరలో పెట్టి గర్వంగా మీట నొక్కాను. అది కుక్కరు కూత లెక్కపెట్టింది. స్టేషన్లో ఆగకుండా పోయే బండి కూతా లెక్కపెట్టింది. మాకూ పక్కింటివాళ్ళకీ ఒకటే గోడ, వాళ్ళ కుక్కరునీ లెక్కపెట్టింది. చేపలమ్మే ఆవిడ వీధి మొదట్లో కేకేస్తే దానికీ ఒక దీపం వెలిగించింది. మా అత్త నడుం మీద చెయ్యి వేసుకుని ఆ దీపాలవైపు చూసి, "పొయ్యి మీద గిన్నే నేదు. ఎవురింట్లో పప్పుడికిందని సెప్తంది ఇది?" అంది. ఇంట్లో అందరికీ వారం రోజులు నవ్వుకోవడానికి సరిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

కోపం తగ్గాక బుర్ర పనిచేసింది. కూత అంటే చప్పుడొక్కటే కాదు, ఆవిరి కూడా. పక్కింటి ఆవిరి మా వంటింట్లోకి రాదు. ఆవగింజ కంటే కాస్త పెద్దదిగా ఉండే గాజుపూస లాంటి సెన్సరు ఒకటుంటుంది, వేడి తగిలితే పసిగడుతుంది. దాన్ని కుక్కరుకి సరిగ్గా పైన వేలాడదీశాను. కూసినప్పుడల్లా ఆవిరి ఎగజిమ్మి దానికి తగులుతుంది, కూత ఆగగానే చల్లబడుతుంది. ఎక్కి దిగితే ఒక కూత. ఇది తప్పలేదు. దీపాలు చక్కగా వెలిగాయి. కానీ కత్తిపీట ముందు కూర్చున్న మనిషి వీపు పొయ్యి వైపుంటుంది, ఆ దీపాలు చూసేదెవరు? గోడలకి తప్ప ఎవరికీ ఉపయోగం లేదు.

పాత బటన్ ఫోను విప్పితే లోపల శనగగింజంత మోటారుంటుంది, ఫోను వణికేది దానివల్లే. దాన్ని తీసి, ఒక చిన్న వైర్‌లెస్ బోర్డుకీ బ్యాటరీకీ కలిపి, చేతికి కట్టుకునేలా చేశాను. పొయ్యి మీద పూస చెబితే చేతి మీద మోటారు వణకాలి. మా అత్త చెయ్యి చాచనైనా లేదు. "గాజులున్న సేతికి అదేటి? ఆసుపత్రిలో కట్టినట్టు. సూసినోళ్ళు ఏటనుకుంటారు?" అంది. ఆవిడకి కావలసింది వినపడ్డం ఒక్కటే కాదు, వినపడదని ఎవరికీ తెలియకపోవడం. అది నాకు అప్పుడు అర్థమైంది.

ఆవిడ రొండిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉంటుంది. చీర కుచ్చిళ్ళ పక్కన నడుముకి దోపుకుంటుంది. అందులో చిల్లర, వక్కపలుకులు, లవంగం, బీరువా తాళం. పడుకున్నప్పుడు తప్ప అది ఆవిడని వదలదు. ఆ సంచి అడిగి తీసుకుని, లోపల ఇంకో పొర గుడ్డ వేసి, ఆ రెండు పొరల మధ్య నా సరంజామా పెట్టి చుట్టూ కుట్టేశాను. చార్జింగు వైరుకి మాత్రం చిన్న కన్నం వదిలాను. పైకి ఏమీ తెలియదు. కాస్త బరువు పెరిగింది, అంతే.

మొదటి కూతకి ఆవిడ "తేలే" అని అరిచి సంచి లాగి విసిరేసింది. చిల్లరంతా వంటింట్లో దొర్లింది, వక్కలు పప్పులో పడ్డాయి. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆవిడ కాసేపు గుండెల మీద చెయ్యి వేసుకుని, తర్వాత తనూ నవ్వింది. "నీ పురుగు నన్ను కుట్టిందే" అంది. అలవాటు కావడానికి కొన్నాళ్ళు పట్టింది. ఒకరోజు నేను బస్తాల గదిలో ఉండగా వంటింట్లోంచి వినపడింది. "కూసింది." నేను విన్న క్షణంలోనే ఆవిడా అంది. గుమ్మం దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ కత్తిపీట మడిచి, మోకాలి మీద చెయ్యి ఆన్చి లేస్తోంది. వెనకటి మనిషే. నాకు ఎంత సంతోషమైందంటే, డిప్లొమా వచ్చినరోజు కూడా అంత కాలేదు.

ఇక మిగిలింది ఆ అర. సగం కూతకి ప్రోగ్రాం ఎలా రాయాలి? మూడో కూత గొంతెత్తే ముందు సన్నగా ఆవిరి వదులుతుంది కదా, ఆ వెచ్చదనం తగలగానే సంచి ఆగకుండా వణకాలి. కొంచెం ముందైతే పప్పు పలుకు, కొంచెం వెనకైతే జావ. దాని కోసం రోజూ శనగపప్పే. శనగపప్పు కూర, శనగపప్పు పచ్చడి, శనగపప్పు పాయసం. మా ఆయన కంచంలోకి చూసి, "కొట్లో స్టాకంతా మనవే తినేత్తామేటి?" అన్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది గానీ చివరికి కుదిరింది. మా అత్త పప్పు పలుకు వేళ్ళ మధ్య నొక్కి చూసి తలూపింది.

ఇదంతా ఎందుకంటే మావగారి తద్దినం దగ్గర పడుతోంది. ఆయనకి బూరెలంటే ప్రాణం. ఆయన పోయినప్పటినుంచి ఏటా ఆ రోజు బూరెలు మా అత్తే వండుతుంది, ఇంకెవరినీ పొయ్యి ముట్టుకోనివ్వదు. కిందటేడు పూర్ణం జావై, బూరెలు నూనెలో పగిలి, నూనె చింది ఆవిడ ముంజేతి మీద బొబ్బలెక్కాయి. అప్పుడు నేను గుమ్మంలో ఉన్నాను. కూతకి రాగలిగాను గానీ, అర కూతని గుమ్మంలో నిలబడి ఎలా చెప్పను? అందుకని ఈసారి మా ఆయన ముందే అన్నాడు, బూరెలు బయట చెప్పేద్దామని.

"మీ నాన్నకి కొన్న బూరి ఎడతావా?" అంది ఆవిడ.

ఆయన తల వంచుకున్నాడు. తర్వాత ఆవిడ చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పాడు. "సరేనమ్మా. ఈసారికి నువ్వే వొండు. గానీ మళ్ళీ కిందటేడులాగయితే, ఇంక గేసు ముట్టుకోనని నువ్వే సెప్పాలి. ఆ బొబ్బలు నేను మళ్ళీ సూళ్ళేను."

"అలాగే" అంది మా అత్త. అని రొండిలో సంచిని ఒకసారి తడుముకుని నా వైపు చూసింది. ఆ చూపుతో నా మీద ఎంత బరువు పడిందో చెప్పలేను.

తద్దినం రోజు పొద్దున్నే తలస్నానం చేసి తడిచీర ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్ళాను. తీగ మీద మా అత్త ఉతికిన చీర, రవికె ఉన్నాయి. వాటి పక్కన పచ్చగా, అడుగున ఇంకా నీటిబొట్టుతో, రొండి సంచి వేలాడుతోంది.

పెద్దలకి వండేరోజున ఒంటి మీద ఉతకని గుడ్డ ఉండకూడదు. పదిమంది చేతుల్లో తిరిగిన డబ్బులుండే సంచి అది. ముందురోజు సాయంత్రం అందులోంచి చిల్లర తీసింది, వక్కలు తీసింది, తాళం తీసింది. పొరల మధ్య కుట్టేసింది సంచిలో భాగమే కదా. శుభ్రంగా పసుపునీళ్ళలో నానబెట్టి, బండ మీద కుమ్మి, పిండి ఆరేసింది. ఆవిడ తప్పేముంది? అంత గట్టిగా కుట్టింది నేనే. కుట్టు విప్పితే లోపల్నుంచి పసుపునీళ్ళు కారాయి. బ్యాటరీ ఉబ్బిపోయింది. బోర్డు మీద దీపం వెలగలేదు.

ముందుగదిలో మా అత్త తమ్ముడు రోలుగుంట నుంచి వచ్చి కూర్చుని ఉన్నాడు. మా ఆయన, ఇంకో ఇద్దరు దగ్గరివాళ్ళు కూడా ఉన్నారు. వంటింట్లో కుక్కరులో శనగపప్పు పోసి, మూత బిగించి, మా అత్త పొయ్యి వెలిగించబోతోంది. సంగతి చెప్పాలి. కానీ వినపడని మనిషికి రహస్యం ఎలా చెబుతాం? గట్టిగా చెబితే ముందుగదిలో అందరూ వింటారు, మెల్లగా చెబితే ఆవిడకి వినపడదు. నీళ్ళు నములుతూ నిలబడి, చివరికి విప్పిన సంచిని ఆవిడ అరచేతిలో పెట్టాను. పసుపునీటి బొట్టు ఆవిడ వేళ్ళ మధ్య నుంచి కారింది.

ఆవిడ దాన్ని చూసింది. నన్ను చూసింది. "నీల్లు తాగి సచ్చిపోనాదా నీ పురుగు?" అంది. తలూపాను. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. నేనే వండేస్తాను అని సైగ చేశాను. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. సంచిని గట్టు మీద పెట్టి, అగ్గిపెట్టె తీసి పొయ్యి వెలిగించింది. తర్వాత నా వైపు తిరిగి అంది.

"నాకినపడదే. నువ్వా గుమ్మంలో నిలబడి సెప్పు."

వినపడని మనుషులకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆవిడ నాకొక్కదానికే చెప్పాననుకుంది. ఆ మాట ముందుగది దాటి వీధిలోకి వెళ్ళింది. అక్కడ కబుర్లు టక్కున ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి.

ఆవిడకి అదేమీ తెలియదు. ఇంకా అదే గొంతుతో చెబుతోంది. "అంతకుముందూ నిలబడీదానివి గదా. నీల్లకనీ సీపురుకనీ వచ్చీదానివి. నాకు తెలీదనుకున్నావేటి? కత్తిపీట మీద నీ నీడ పడితే కూసిందనుకుని కట్టేసీదాన్ని. నీడతో సగం ఎలా తెలుత్తాది? అందుకే కిందటేడు పగిలిపోనాయి. ఇయ్యాల నాకు తిన్నగా సెప్పు."

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ ఈసారి కత్తిపీట ముందు కూర్చోలేదు. పొయ్యి మీట మీద చెయ్యి వేసి, కుక్కరు వైపు కాకుండా నా వైపు తిరిగి నిలబడింది. నా వెనక ఎవరో వచ్చిన అలికిడైంది. మా ఆయన. వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

మొదటి కూతకి ఒక వేలు ఎత్తాను. ఆవిడ తలూపింది. రెండో కూతకి రెండో వేలు. ఆ తర్వాత ఊపిరి బిగబట్టి విన్నాను. అన్నేళ్ళు ఆవిడ వింటే నేను చూశాను, ఇప్పుడు నేను వింటుంటే ఆవిడ నా మొహమే చూస్తోంది. పక్కింట్లో గిన్నె చప్పుడైంది, అది కాదు. దూరంగా బండి కూసింది, అది కాదు. కుక్కరు మీద బరువు కొంచెం కదిలి, సన్నగా ఉస్సుమంది. మూడో వేలు ఎత్తి సగానికి మడిచాను. ఆవిడ మీట తిప్పేసింది.

పెద్దలకి పెట్టకముందు ఎవరూ రుచి చూడకూడదు, ఎంగిలి పడకూడదు. కాబట్టి పప్పు ఎలా ఉడికిందో ఎవరికీ తెలియదు. ఆవిడ బెల్లం వేసి పూర్ణం ఉండలు కట్టింది, తోపు పిండిలో ముంచి నూనెలో వదిలింది. మా ఆయన గుమ్మంలోంచి కదల్లేదు. ఆయన చూపు తల్లి ముంజేతి మీదే ఉంది. ఒక వాయి తీసింది, రెండో వాయి తీసింది. ఒక్కటీ పగల్లేదు. అప్పుడు ఆయన గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

మావగారి పటం ముందు ఆకు వేసి, కాకికి పెట్టాక, మా అత్త వడ్డిస్తుంటే మిగతా అందరం భోజనాలకి కూర్చున్నాం. మా ఆయనకి తల్లితో ఏం కావాలన్నా చెవి దగ్గర అరవడం అలవాటు. ఆ రోజు అరవలేదు. తలెత్తి ఆవిడ చూసేదాకా ఆగి, ఒక వేలు చూపించాడు. ఆవిడ నవ్వి ఇంకో బూరె వేసింది. పొయ్యి సంగతి ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఆయన ఎత్తలేదు.

మా అత్త తమ్ముడు బూరె విరిచి, నెయ్యి పోసుకుని తిని, ఆవిడ చూసేలా చెయ్యెత్తి గట్టిగా అన్నాడు. "అప్పా, నీ సెయ్యి ఏటీ మార్లేదు. బావ బతికున్నప్పుడు ఎలాగుండేదో అలాగే ఉంది."

ఆవిడకి వినపడిందో, ఆయన మొహం చూసి గ్రహించిందో నాకు తెలియదు. బూరెల పళ్ళెం చేత్తో పట్టుకుని అందరి మధ్యా నిలబడి, అదే పెద్ద గొంతుతో అంది.

"సెయ్యి నాదేరా. సెవి నా కోడలిది."

అని, వంగి నా ఆకులో రెండు బూరెలు వేసింది.